హెడ్మాస్టరు గారి గురించి రాయాలంటే ముందు స్కూలు బీరువా తెరిపించండి

తమ్ముడూ, మీరు అడిగింది ఇది. మీ ఊరి హైస్కూలు హెడ్మాస్టరు గారు పోయి వచ్చే నెలకు ఏడాది. పూర్వ విద్యార్థులంతా కలిసి సంవత్సరీకానికి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. ఆయన పాఠం చెప్పారు, సాయంత్రం కబడ్డీ నేర్పించారు, మీ బ్యాచ్‌ని జిల్లా పోటీల దాకా తీసుకెళ్ళారు. ఆయన జీవితం నాలుగు పేజీల్లో రాసే పని మీ మీద పడింది. రాశారు గానీ, ఏ హెడ్మాస్టరు పేరు పెట్టినా సరిపోయేలా వచ్చింది. ఎలా సరిచేయాలి అని అడిగారు.

మీరు పెట్టిన మొదటి పేజీ చదివాను. నిస్వార్థ సేవామూర్తి, విద్యార్థుల పాలిట కల్పవృక్షం, క్రమశిక్షణకు మారుపేరు. వీటిలో అబద్ధమేమీ లేదు, మీ ప్రేమ కూడా తెలుస్తూనే ఉంది. కానీ ఆయన్ని ఒక్కసారి కూడా చూడనివాళ్ళు, రేపు మీ పిల్లలే అనుకోండి, ఆ పేజీ చదివితే వాళ్ళకు మనిషి కనబడడు.

నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 31 ఏళ్ళు జిల్లా పరిషత్ స్కూళ్ళలో పీఈటీగా, అంటే ఆటల టీచరుగా చేసి రిటైరయ్యాను. అందులో 9 ఏళ్ళు, 1992 నుంచి 2001 దాకా, పుత్తూరు వైపు ఒక పల్లె హైస్కూల్లో అచ్చం ఇలాంటి మనిషి కింద పనిచేశాను. లెక్కల అయివారు, హెడ్మాస్టరు, ఆడపిల్లల ఖో-ఖో జట్టుకు కోచ్. మా వైపు టీచరుని అయివారు, హెడ్మాస్టరుని పెద్దయివారు అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఆయన పోయినప్పుడు పుస్తకానికి రాయమని నన్నే అడిగారు. నేనూ మొదట మీరు రాసిన మాటలే రాశాను. మూడు రోజులు చూసుకుని పక్కన పెట్టేశాను. రెండోసారి ఎలా రాశానో చెప్తాను. మీకు పనికొచ్చేది తీసుకోండి.

మొదట ఆయన రోజు రాయండి. ఏ గంటకు ఎక్కడ ఉండేవారు, చేతిలో ఏముండేది అన్నది. మా పెద్దయివారు ఉదయం ఏడుంబావుకు స్కూలు దగ్గర సైకిలు దిగేవారు. ఆఫీసు గది తాళం తీసేవారు గానీ లోపల కూర్చునేవారు కాదు. బీరువా వెనక నుంచి అడుగున చిల్లులు పొడిచిన పాత పాల పిండి డబ్బా, వెదురు ముక్కకు చుట్టిన పురికొస తీసుకుని గ్రౌండుకు పోయేవారు. డబ్బాలో ముగ్గుపిండి. రాత్రి మేకలు తొక్కిన గీతలు మళ్ళీ వేయాలి గదా. ఖో-ఖో గ్రౌండు ఇప్పటి నిబంధన ప్రకారం 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. అటొకటి ఇటొకటి రెండు స్తంభాలు, మధ్య పట్టీలో కూర్చోవడానికి 8 గళ్ళు. గీత వంకర పోతే ఆట వంకర పోతుంది అనేవారు. వంగి డబ్బాను చిన్నగా తడుతూ వెనక్కి నడిచేవారు. తట్టే చప్పుడు ఒకే లెక్కన వచ్చేది. ఎనిమిదిన్నరకు పిల్లలు వచ్చేసరికి ఆయన చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గర వేలాడదీసిన రైలు పట్టా ముక్క పక్కన నిలబడి ఉండేవారు.

ఆ పురికొసకు మూడు చోట్ల ముడులుండేవి. ముడికీ ముడికీ మధ్య దూరం 3 మీటర్లు, 4 మీటర్లు, 5 మీటర్లు. తొమ్మిదో తరగతికి లంబకోణ త్రిభుజం పాఠం వచ్చే వారం ఆయన నల్లబల్ల మీద చెప్పేవారు కాదు. క్లాసు క్లాసంతా గ్రౌండుకు నడిచేది. ముగ్గురు పిల్లలు ముడుల దగ్గర పట్టుకుని తాడు బిగించి లాగితే మూల దానంతటదే తిన్నగా వచ్చేది. "చూస్తిరా, మూలమట్టం లేకుండానే మూల వచ్చె. ఎట్లా వచ్చింది, చెప్పండి" అని అడిగి తను నోరు మూసుకునేవారు. ఎవరో ఒకరు చెప్పేదాకా తాడు వదలనిచ్చేవారు కాదు. ఆ మూలలే సాయంత్రం మా ఖో-ఖో గ్రౌండు నాలుగు మూలలు. ఆయన అయివారా, కోచా అని నన్నెవరైనా అడిగితే ఈ పురికొస గురించే చెప్తాను. మీ ఆయన దగ్గర కూడా ఇలాంటి వస్తువు ఏదో ఉండే ఉంటుంది. ఈలో, నోటు పుస్తకమో, చొక్కా జేబులో పెన్నో. దాన్ని వెతకండి.

ఇక బీరువా సంగతి. స్కూల్లో పాత రికార్డులుంటాయి. ఇప్పటి హెడ్మాస్టరు గారికి ఒక కాగితం రాసిచ్చి, అనుమతి తీసుకుని, ఆయన ఎదురుగానే కూర్చుని చూడండి. పిల్లల పుట్టిన తేదీలు, కులం, తల్లిదండ్రుల వివరాలుంటాయి కాబట్టి ఫోటోలు తీయొద్దు, పేర్లు పుస్తకంలోకి ఎక్కించొద్దు. చూడాల్సినవి అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీలు, స్టాఫుకి ఆర్డర్లు రాసి సంతకాలు తీసుకునే పుస్తకం, ఆట సామాన్ల స్టాక్ రిజిస్టరు. అందరూ విజిటర్స్ బుక్ దగ్గరికి పోతారు, తనిఖీకి వచ్చిన అధికారులు మెచ్చుకుంటూ రాసిన నాలుగు మాటలు ఎత్తి రాస్తారు. అది ఒక వాక్యంలో సరిపెట్టండి. నాకు అసలైనది స్టాక్ రిజిస్టరులో దొరికింది. సరివి కర్రతో చేయించిన ఖో-ఖో స్తంభాలు రెండు, దూకే తాళ్ళు ఆరు, ఈలలు రెండు. ఎలా వచ్చింది అనే గడిలో ఆయన దస్తూరీతో "స్వంతం" అని ఉంది. అలాంటి పద్దులు 9 ఏళ్ళలో 22 లెక్కపెట్టాను. ఒక్కటి మినహా అన్నీ నెల మొదటి వారంలోవే, అంటే జీతం చేతికొచ్చిన రోజుల్లో. పక్క గదిలో అన్నేళ్ళు కూర్చున్న నాకు ఆ సంగతి తెలియదు. గేమ్స్ ఫీజు డబ్బుతో కొంటున్నారనే అనుకున్నాను.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. మీ ఆయన పనిచేసిన కాలానికి మా పుత్తూరు వైపంతా చిత్తూరు జిల్లాయే. ఇప్పటి పేర్లు పెట్టి పాత సంగతులు రాస్తే చదివేవాళ్ళకు తికమక అవుతుంది. ఆనాడు కాగితం మీద ఎలా ఉందో అలాగే రాసి, ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో పక్కన ఒక్క మాట చేర్చండి. మా పెద్దయివారి విషయంలో ఇది ఇంకా చిక్కు. ఆయన పుట్టింది 1943లో, తిరుత్తణి దగ్గర పల్లెలో. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ. అప్పటికి ఆయనకు పదిహేడేళ్ళు. ఎస్సెస్సెల్సీ సర్టిఫికెట్టు, ఒక ట్రంకు పెట్టె పట్టుకుని టీచర్ ట్రైనింగుకు ఇటువైపు వచ్చేశారు. సెప్టెంబరు 5 వచ్చిందంటే ఆయనకు వేరే ఉత్సాహం. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టింది తిరుత్తణిలోనే, చిన్నప్పుడు కొన్నేళ్ళు చదివింది తిరుపతిలోని లూథరన్ మిషన్ స్కూల్లో. "మా ఊరాయన మన తిరుపతిలో చదివినాడు" అని ప్రతి ఏడూ అదే మాట, అదే గొంతుతో చెప్పేవారు. పదో తరగతి పిల్లలు ఆయనకంటే ముందే ఆ వాక్యం అందుకునేవారు, ఆయన నవ్వి కానిచ్చేవారు.

ఇప్పుడు ఆట గురించి. మీ ఆయన కబడ్డీ ఎలా నేర్పించేవారో మీరు ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఎన్ని కప్పులు వచ్చాయో రాశారు. కప్పులు స్కూలు అద్దాల బీరువాలో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. ఆయన నేర్పిన పద్ధతి మాత్రం మీ ఒంట్లోనే ఉంది, మీరు రాయకపోతే పోతుంది.

నేను జాయినింగ్ రిపోర్టు ఇచ్చిన రోజు పెద్దయివారు దాన్ని చదివి, తేదీ వేసి, తలెత్తి అడిగిన మొదటి మాట, "ఖో ఇచ్చేటప్పుడు చెయ్యి ముందా, నోరు ముందా?" నేను డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి. చెయ్యి ముందు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం గ్రౌండుకు తీసుకెళ్ళి గంటసేపు కూర్చోబెట్టారు. ఆడనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఖో-ఖోలో ఎనిమిది మంది వరుసగా గళ్ళలో కూర్చుంటారు, ఒకరు అటు చూస్తే పక్కవాళ్ళు ఇటు చూస్తారు. తొమ్మిదో మనిషి తరుముతుంది. తరిమే మనిషి మధ్య పట్టీ దాటకూడదు, ఒక వైపు కదిలాక వెనక్కి తిరగకూడదు. తప్పించుకునేవాళ్ళు ముగ్గురు ముగ్గురుగా దిగుతారు, వాళ్ళకు ఆ కట్టుబాట్లు లేవు, ఎటైనా పోవచ్చు. కాబట్టి తరిమే మనిషి కూర్చున్నవాళ్ళలో ఒకరి వెనక్కి వెళ్ళి వీపు తట్టి గట్టిగా ఖో అంటే, ఆ అమ్మాయి లేచి అందుకుంటుంది. వీపు తట్టడం, ఖో అనడం రెండూ ఒకేసారి జరగాలి. చెయ్యి ముందుపడినా, నోరు ముందుపడినా ఫౌలు. పెద్దయివారు పిల్లల్ని కళ్ళు మూసుకుని గళ్ళలో కూర్చోమనేవారు. వెనక అడుగుల చప్పుడు విని, చెయ్యి ఎప్పుడు పడుతుందో ముందే పసిగట్టాలి. చెయ్యి పడినాక లేచేది ఆట కాదు, పడేలోపల కాలి వేళ్ళు నేలను పట్టుకుని ఉండాల అనేవారు. ఈ సాధన నేను ఏ కోర్సులోనూ చదవలేదు. ఆయన ఏ కోర్సూ చేయలేదు. పీఈటీ పోస్టు లేని స్కూళ్ళలో ఇరవై ఏళ్ళు తనే ఈల ఊదుకుంటూ నేర్చుకున్నారు.

అందరూ ఎక్కువ పరిగెత్తే పిల్లల్ని ఏరుకుంటారు. ఆయన మొదట కూర్చునేవాళ్ళను ఏరేవారు. క్లాసులో పక్కమనిషి కదలికను గమనించే పిల్ల, పిలవకముందే తలతిప్పే పిల్ల ఆయన కంట పడేది. ఆ లెక్కన మా జట్టులో చదువులో వెనకబడ్డ వాళ్ళు, సన్నగా ఉండేవాళ్ళు, బెరుకు పిల్లలు కూడా ఉండేవారు. ఖో-ఖోనే ఎందుకు పట్టుకున్నారంటే, కొనాల్సింది ఏమీ లేదు. రెండు కర్రలు, పిడికెడు ముగ్గుపిండి. బూట్లు అక్కర్లేదు. నిక్కరు వేయిస్తే ఆడపిల్లల్ని పంపేది లేదన్న ఇళ్ళకు తనే పోయి, పంజాబీ డ్రెస్సు పైజామాతో ఆడిస్తానని మాటిచ్చారు, ఆ మాట మీదే తొమ్మిదేళ్ళూ ఆడించారు. ఆరు గంటలకు ఆట ఆపి, పల్లెల వారీగా పిల్లల్ని గుంపులు చేసి, అందరికంటే దూరం పోయే గుంపు వెంట సైకిలు తోసుకుంటూ నడిచేవారు.

ఒకసారి మా జట్టు పిల్ల స్తంభం దగ్గర దూకబోయి మణికట్టు విరగ్గొట్టుకుంది. మా వైపు ఎముక విరిగితే దారి ఒకటే, పుత్తూరు కట్టు. పెద్దయివారు తువ్వాలుతో చెయ్యి కట్టి, బస్సులో తన పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, చుట్టూ వెదురు దబ్బలు, గుడ్డతో బిగించి కట్టు వేయించారు. ఇంటికి తెచ్చి దింపితే వాళ్ళమ్మ వీధిలో నిలబెట్టి తిట్టింది. ఆడపిల్ల చెయ్యి సొట్టపోతే ఎవరు చేసుకుంటారు అని. ఆయన తిన్నె మీద కూర్చుని అంతా విన్నారు. ఆ పిల్ల ఇప్పుడు తిరుపతిలో ఉంటుంది, చెయ్యి బాగుంది. నేను రాయడానికి వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టెలో నుంచి ఒక సోషల్ నోట్సు తీసి చూపించింది. మొదటి సగం ఆమె రాత. తర్వాత ఇరవై మూడు పేజీలు నిలువుగా, పొదుపుగా, అంకెల్లా కనిపించే అక్షరాలు. లెక్కల అయివారి దస్తూరీలో సోషల్ పాఠాలు. కట్టు విప్పేదాకా రోజూ సాయంత్రం క్లాసు నోట్సు తెప్పించుకుని ఆయనే ఎక్కించారట. ఇరవై నాలుగో పేజీ నుంచి మళ్ళీ ఆమె రాత, మొదట్లో కొంచెం వణుకుతూ ఉంది.

గ్రౌండు గురించి కూడా కనుక్కోండి, అది ఎవరిది, దానికోసం ఆయన ఎవరితో తగాదా పడ్డారు అని. మా గ్రౌండు మీద అక్టోబరు, నవంబరు వస్తే ఊళ్ళో రైతులు చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు ఆరబోసేవారు. పెరికిన చెట్లు కుప్పలు వేసేవారు. స్కూలు ఆటల పోటీలూ అప్పుడే. నేను చేరిన ఏడాది పోలీసులకు చెప్దామన్నాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని సాయంత్రం రచ్చబండ దగ్గరికి పోయారు. మాట్లాడింది పది నిమిషాలే. ఉత్తరం వైపు సగం రైతులకు, దక్షిణం వైపు ఖో-ఖో గ్రౌండు మేర మాకు, రాత్రి కాపలా వాళ్ళే ఉంటారు కాబట్టి మేకలు గీతలు తొక్కకుండా వాళ్ళే చూడాలి. అంతే. దానికి బదులు ఆయన ఇంకొకటి అడిగారు. కాయలు వలిచే పనికి జట్టు పిల్లల్ని తెల్లారే పిలుచుకోండి, తొమ్మిదికి వదిలిపెట్టండి అని. చెనిక్కాయల కాలంలో హాజరు పట్టీ సగం ఖాళీ అయ్యేది మా స్కూల్లో. పిల్లలు కూలికి పోక తప్పని ఇళ్ళు అవి. వాటిని మార్చే శక్తి ఆయనకు లేదు, ఆ తొమ్మిది గంటల గీత మాత్రం గీయగలిగారు. పాత హాజరు పట్టీలు తీసి చూశాను. 1993 నుంచి నవంబరు నెలలో ఖాళీ గళ్ళు తగ్గుతూ వచ్చాయి.

ఇప్పుడు నాకు రాయడానికి కష్టమైనది. మీ పుస్తకంలో కూడా ఇలాంటిది ఒకటి ఉండాలి కాబట్టి చెప్తున్నాను.

1998. అండర్-14 బాలికల జట్టు. అంత మంచి జట్టు మాకు మళ్ళీ రాలేదు. అందులో ఒక పిల్ల ఉండేది, తరుముతుంటే ఎదుటివాళ్ళు ఎటు తిరుగుతారో వాళ్ళకంటే ముందు ఈమెకే తెలిసేది. పోటీలకు పంపే అర్హత పత్రంలో ప్రతి పిల్ల పుట్టిన తేదీ అడ్మిషన్ రిజిస్టరు చూసి వేసి, హెడ్మాస్టరు సంతకం చేయాలి. రిజిస్టరులో ఆమె పుట్టిన తేదీ 1984 జూన్ 1. అంటే వయసు దాటిపోయింది. నేను చూసిన ఏ హైస్కూలు రిజిస్టరులోనైనా జూన్ ఒకటి, జూలై ఒకటిన పుట్టిన పిల్లలు కుప్పలుగా ఉంటారు. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు తేదీ తెలియక అక్కడి అయివారు వేసేసిన తేదీలవి. వాళ్ళమ్మను పిలిపించాం. ఆమె చదువుకోలేదు, తడుముకోకుండా చెప్పింది. "తుపాను వానకు మా ఇల్లు కూలినప్పుడు ఈ బిడ్డ కడుపులో ఉండాది సామీ. మరుసటేడు గంగ జాతర చాటింపు వేసినంక పుట్టింది." శ్రీహరికోట దగ్గర తీరం దాటిన ఆ తుపాను వచ్చింది 1984 నవంబరులో. అంటే పిల్ల పుట్టింది 1985 మే నెలలో. ఆడడానికి అన్ని విధాలా అర్హురాలు.

నేను ఆ రాత్రి ఆయన ఇంటికి పోయాను. గడిలో ఒక్క అంకె దిద్దితే చాలు అన్నాను. అబద్ధం రాయమనడం లేదు, ఉన్న అబద్ధాన్ని దిద్దమంటున్నాను అన్నాను. ఇప్పటికీ ఆ వాదన తప్పని నాకు తేలిగ్గా అనిపించదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ తల్లి చెప్పింది నిజం. నాకు అనుమానం లేదు. కానీ పై అధికారి ఉత్తర్వు లేకుండా ఆ గడి దిద్దే హక్కు నాకు లేదు. ఈ రోజు ఆట కోసం నిజం వైపు దిద్దితే, రేపు ఇంకొకడు వచ్చి ఇంకోవైపు దిద్దమంటాడు, అప్పుడు నా మొహం చూసి ఆ రిజిస్టరు ఎవరు నమ్ముతారు?" అన్నారు. దిద్దుబాటుకు అర్జీ పంపారు. ఉత్తర్వు వచ్చేలోపల పోటీలు అయిపోయాయి. జట్టు ఆ పిల్ల లేకుండా ఆడింది, జిల్లా ఫైనల్లో రెండు పాయింట్ల తేడాతో ఓడింది. ఆమె గీత బయట కూర్చుని నీళ్ళ బిందె కాచింది. బస్సులో వెనక్కి వచ్చేటప్పుడు పెద్దయివారు డ్రైవరు వెనక సీట్లో ఒక్కరే కూర్చున్నారు. నేను ఆయనతో వారం రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు.

మరుసటి జూన్‌లో స్కూలు తెరవకముందే, మా స్కూలుకు పిల్లల్ని పంపే ఏడు పల్లెల ప్రాథమిక పాఠశాలలకు ఆయన సైకిలు మీద తిరిగారు. ఒకటో తరగతి అడ్మిషన్లు జరిగే రోజున అక్కడి అయివారి పక్కన బల్ల మీద కూర్చుని, ఒక్కో తల్లిని అడిగారు. జాతరకు ముందా వెనకా, సంక్రాంతికి ఎన్ని నెలల పిల్ల, మీ చేలో అప్పుడు ఏం పైరుండింది. పంచాంగం ముందు పెట్టుకుని లెక్కగట్టి తేదీ చెప్తే అక్కడి అయివారు రాసుకునేవారు. రిటైరయ్యేదాకా మూడేళ్ళు అదే పని. నేను రెండో ఏడాది నుంచి వెంట పోయాను. ఆ ఏడు స్కూళ్ళలో అయిదింటి రిజిస్టర్లు ఈమధ్య చూశాను. 1999 ముందు పేజీలు నిండా జూన్ ఒకట్లు. ఆ తర్వాత పేజీల్లో ఫిబ్రవరులు, అక్టోబరులు, డిసెంబరు ఇరవై ఏడులు. ఇది ఎక్కడా ఎవరూ రాసిపెట్టలేదు. ఏ అవార్డు పత్రంలోనూ లేదు.

ఇక తప్పులు. వదిలిపెట్టొద్దు. మా పెద్దయివారు కొట్టేవారు. చింతబరికె ఆఫీసు గది తలుపు వెనక ఉండేది. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఆలస్యంగా వచ్చాడని అందరి ముందూ చేతుల మీద కొట్టారు. వాడు మళ్ళీ స్కూలుకు రాలేదు. ఆయన మూడుసార్లు ఇంటికి పోయినా రాలేదు. ఇప్పుడు లారీ నడుపుతున్నాడు, నలభై దాటాయి. కలిసి అడిగాను. "అందురూ కొట్టేవాళ్ళే అప్పుడు. నాయనకు జ్వరమొస్తే మందు తెచ్చి ఇచ్చి వచ్చినా. ఆయన ఎందుకు లేటయిందిరా అని అడగలేదు సార్. అడిగింటే చెప్పేవాణ్ణి" అన్నాడు. సంస్మరణ సభకు రాలేదు. పిల్లల్ని కొట్టకూడదని చట్టం వచ్చింది 2009లో, అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న, ఆయన అప్పటికి రిటైరై తొమ్మిదేళ్ళు. అయినా ఆ కాలం అలాంటిది అని ఒక్క ముక్కలో దాటేయడం నాకు చేతకాలేదు. ఆ మనిషి అనుమతితో, పేరు లేకుండా, అతని మాటల్లోనే రాశాను. కమిటీలో ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు, పోయినాయన గురించి ఇలా రాస్తారా అన్నారు. విషయం పెద్దయివారి భార్య, మా అమ్మగారి దాకా పోయింది. ఆమె విని, "ఆ పిల్లోడి సంగతి ఆయన చివరిదాకా అంటానే ఉండె. ఉండనీ" అన్నారు. ఉండింది.

అందుకని, ఎవర్ని అడగాలి అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. డాక్టర్లయినవాళ్ళు, అమెరికా పోయినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రాసి పంపుతారు. మీరు మధ్యలో మానేసినవాళ్ళను, జట్టులో ఎంపిక కానివాళ్ళను, ఆయన కింద పనిచేసిన అటెండరును, పొరుగు రైతును వెతుక్కుంటూ పోండి. ముందుగా మాత్రం ఆయన భార్య దగ్గరికి పోండి. సభకు పిలవడానికి పోయినట్టు కాకుండా, ఒక సాయంత్రం ఊరికే పోయి కూర్చోండి. మా అమ్మగారు మొదటి రోజు కాఫీ ఇచ్చి పంపేశారు. రెండో రోజు ఆయన పాత పంచెల గురించి చెప్పారు. జట్టు పిల్లల వీపు మీద నంబర్లకు గుడ్డ కావాలని ఒక్కో పంచె చించేవారట. ఈమె గుండ్రంగా మడిచి కుట్టేది, ఆయన నల్లరంగుతో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసేవారు. "పెండ్లిండ్లకు పోదామంటే ఆయనకొక మంచి పంచె ఉండేది గాదు" అన్నారు. ముగ్గుపిండికి, సున్నానికి వేళ్ళు పగిలి రాత్రి అన్నం కలుపుకోవడానికి మండేదట, కొబ్బరినూనె రాసి ఈమే కలిపి పెట్టేది. నేను తొమ్మిదేళ్ళు ఆ చేతుల్ని రోజూ చూశాను గానీ పగుళ్ళు చూడలేదు. ఆమె తన మాటగా ఇంకొకటి కూడా చెప్పారు. సాయంత్రాలన్నీ ఊరి పిల్లలకే పోయాయి, మా పిల్లలకు ఆయన ఆదివారం అయివారు అని. అది కూడా రాశాను, ఆమెకు చదివి వినిపించాకే.

మీ నాలుగు పేజీలు చాలవు, కమిటీని ఆరు అడగండి. ఫోటోలు తగ్గించుకోమనండి. అచ్చుకు పోయే ముందు మొత్తం ఆమె ఎదుట కూర్చుని పైకి చదవండి. ఎక్కడ ఆమె మధ్యలో అందుకుని సరిదిద్దుతారో అక్కడ ఆగి రాసుకోండి.

మీ ఆయనది కబడ్డీ కాబట్టి ఒక పని చెప్తాను. మట్టి కోర్టు ఊరికే రాదు. మగవాళ్ళకైతే 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఆడవాళ్ళకైతే 12, 8. ఆ మేర తవ్వాలి, రాళ్ళు ఏరాలి, మెత్తటి మట్టి తెచ్చి జల్లించి నింపాలి, వాన పడిన ప్రతిసారీ మళ్ళీ సరిచేయాలి. మీ స్కూల్లో ఆ పని ఎవరు చేశారు, బండి ఎవరిచ్చారు, జల్లెడ ఎవరింటిది, ఆయన చొక్కా విప్పి తవ్వారా లేక గట్టున నిలబడి చెప్పారా. మీ బ్యాచ్ కంటే ముందు బ్యాచ్‌వాళ్ళకు తెలిసి ఉంటుంది. మట్టి ఏ చెరువులో నుంచి తోలారో తెలిసినాక ఇక్కడే ఒక మాట రాయండి, చూస్తూ ఉంటాను.